ఉన్నప్పుడు చెత్త, పోయాక గొప్ప

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నవ్వినా చివరికి క్షమిస్తారని నమ్మకం. మీ ఇంట్లోనూ ఒక అటక ఉండే ఉంటుంది. దాని మీద ఎవరూ విప్పని మూట ఒకటి ఉండే ఉంటుంది. “ఈ పండక్కి అదంతా తీసి అవతల పారేయాలి” అని మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. అన్నవాళ్లలో చాలామంది బద్ధకించి ఆగిపోయారు. ఆ బద్ధకమే వాళ్ల ఇళ్లను కాపాడింది. నాకు ఆ రోజు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

మాది గుంటూరు జిల్లాలో కరణాల ఇల్లు. ముత్తాత, తాత, నాన్న, వరసగా అందరూ కరణీకం చేసినవాళ్లే. 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసేసరికి నాన్న చేతిలో పని పోయింది. ఇంట్లో మిగిలింది రాతకోతల సామాను. మా వంటింటి అటక మీద మూడు తాళపత్రాల కట్టలు ఉండేవి. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఆకులు. పైనా కిందా చెక్క పలకలు, ఆకుల్లో రంధ్రాల గుండా దూర్చిన నూలుతాడు, ఆ మొత్తాన్నీ చుట్టి ఒక ఎర్రగుడ్డ. ఆ గుడ్డ ఎరుపని బామ్మ చెబితే నమ్మాల్సిందే, చూస్తే తెలిసేది కాదు.

వంటింట్లోనే ఎందుకు పెట్టారో నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. కట్టెపొయ్యి పొగ తగులుతూ ఉంటే ఆకుకు పురుగు పట్టదు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి వచ్చింది, పొగ పోయింది. పొగతో పాటు ఆ కట్టలకున్న కాపలా కూడా పోయిందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒక్క బామ్మే అప్పుడప్పుడూ కట్టలు దింపి ఎండ తగలని చోట గాలికి పెట్టేది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున వాటిని తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, సరస్వతీదేవి పటం ముందు పెట్టేది. ఆవిడకి చదవడం రాదు. నాకు చదవడం వచ్చు. ఆవిడ దండం పెట్టేది, నేను ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూసేవాణ్ణి.

కాలేజీ రోజుల్లో ఒకసారి విప్పి చూశాను. మాటకీ మాటకీ మధ్య జాగా లేదు. అక్షరం అక్షరాన్ని ఒరుసుకుని, ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా ఊపిరి తీసుకోకుండా రాసుకుపోయారు. ఒత్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలియలేదు. నాలుగు నిమిషాలు కళ్లు చిట్లించి, ‘ఇందులో ఏమీ లేదు’ అని తీర్మానించి మళ్లీ కట్టేశాను. నాకు చదవడం రాలేదు కాబట్టి అందులో చదవాల్సింది ఏమీ లేదనుకున్నాను. ఈ తర్కం నా ఒక్కడిదే అనుకోను. సంగీతం అర్థం కానివాడు పాడేవాణ్ణి తప్పుపడతాడు. పొలం తెలియనివాడు రైతుకు సలహా ఇస్తాడు. నేను మూడు వందల ఏళ్ల చేతిరాతను నాలుగు నిమిషాల్లో కొట్టిపారేశాను. మూడు వందలో రెండు వందలో, ఆ లెక్క కూడా నాకు తెలియదని మీరు గ్రహించే ఉంటారు.

ఇక అసలు కథ. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పెళ్లయ్యాక మొదటి సంక్రాంతికి అత్తవారి వైపు వాళ్లు మా ఊరు వచ్చారు. మా ఇల్లు పెంకుటిల్లు. వాళ్లది రెండంతస్తుల డాబా. మా బావమరిది ఇంట్లో అడుగుపెట్టి దూలాల వైపూ, అటక వైపూ, మసిపట్టిన వంటింటి గోడ వైపూ చూసిన చూపు నాకు గుండెల్లో గుచ్చుకుంది. అతను పాపం ఏమీ అనలేదు. ఏదో అనుకున్నాడని నేనే అనుకున్నాను. మనిషిని చెడగొట్టడానికి అంతకంటే ఏం కావాలి? ఈ ఇంట్లో పాతదంటూ ఏదీ కనబడకూడదని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

తెల్లవారితే భోగి. మా వీధిలో ఎవరి భోగి మంట పెద్దదైతే ఆ ఏడాది వాళ్లదే పైచేయి. నాలుగింటికే లేచాను. చలి వణికిస్తోంది. ఎదురింటివాళ్ల మంట అప్పటికే నడుమెత్తు లేచింది. మాది మోకాలెత్తు. బావమరిది దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. తాటి దుంగ ఒకటి వేశాను, కొబ్బరి మట్టలు వేశాను, పిడకలు వేశాను, విరిగిన నవారు మంచం వేశాను, మంట నడుమెత్తయింది, ఎదురింటివాళ్లది భుజమెత్తయింది, దొడ్లోకి పరిగెత్తి పాత తలుపు తెచ్చాను, కాలు విరిగిన పీట తెచ్చాను, ఇంకేముంది ఇంకేముంది అని వంటింట్లోకి దూరి నిచ్చెన వేసి అటకెక్కి చేతికందిందల్లా కిందికి విసిరాను, చాటలు, జల్లెడలు, చిలుము పట్టిన దీపపు సెమ్మె, ఎర్రగుడ్డ మూటలు, అన్నీ గంపకెత్తుకుని వీధిలోకి వచ్చి, సెమ్మె కాలదు కదా అని దాన్ని మాత్రం పక్కన పెట్టి, మిగిలిందంతా కుమ్మరించాను. తాటాకు ఎండితే ఎలా అంటుకుంటుందో మీకు తెలుసు. అందులోనూ ఏళ్ల తరబడి నూనె రాసి దాచిన ఆకు. మంట ఇంటి చూరు దాటి లేచింది. వీధి వీధంతా వెలుగు. పిల్లలు కేకలు పెట్టారు. బావమరిది లేచి నిలబడి, “బావగారూ, మీ మంటే పెద్దదండీ!” అన్నాడు.

ఆ మాట కోసం కాల్చాను. నిజంగా ఆ ఒక్క మాట కోసం.

బామ్మ వేణ్ణీళ్ల కోసం బిందె పట్టుకుని బయటికొచ్చింది. మంటలో పలక ఒకటి ఇంకా కాలుతూ ఉంది. దానికి రంధ్రం ఉంది. ఆ రంధ్రం చూసి గుర్తుపట్టింది.

“కట్టలు కూడానా?” అంది.

“పాతవన్నీ కాల్చమనేగా బామ్మా భోగి” అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. బిందె మంట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

భోగి పేరు చెప్పి తప్పించుకున్నాను చూశారూ, అది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే సంగతి. భోగి మన ఆచారమే. కట్టలు దాచడమూ మన ఆచారమే. ఒక ఆచారం చేతిలో పట్టుకుని రెండోదాన్ని తగలబెట్టాను. పైగా సంప్రదాయం పాటించానన్న తృప్తి కూడా మిగిలింది. ఏది పాతదో, ఏది పనికిరానిదో వేరుచేసుకునే బాధ్యత మనదేనని భోగి నాడు ఎవరూ చెప్పరు. విరిగిన మంచం పనికిరాదు, కాల్చొచ్చు. కట్ట పనికొస్తుందో రాదో తేల్చడానికి ముందు దాన్ని చదవాలి. చదవడం రాకపోతే చదివేవాణ్ణి వెతకాలి. ఆ పని నేను చేయలేదు.

తర్వాత నేను హైదరాబాదు చేరాను. బామ్మ పోయింది. పెంకుటిల్లు తీసేసి డాబా వేశాం. ఆ సందట్లో ఇత్తడి గంగాళాలు తూకానికి అమ్మేశాం. కొన్నాళ్లకు లోకం గాలి మారింది. నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఇళ్లలో పాత సామాను పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేనూ ఒక గంగాళం కొని, నీళ్లు పోసి, పువ్వులు వేసి, హాల్లో పెట్టాను. తూకానికి అమ్మినదానికి వచ్చిన డబ్బుకు ఎన్నో రెట్లు పోసి కొన్నాను. అది పాతది కాదు, పాతదానిలా కనబడేట్టు చేసిన కొత్తది. దాన్ని చూసి వచ్చినవాళ్లు, “మీ ఊరినుంచి తెచ్చారా?” అంటే, అవుననీ కాదనీ అనకుండా తలాడించేవాణ్ణి.

అప్పుడే కట్టలు మళ్లీ నా నోట్లోకి వచ్చాయి. ఎవరో తమ తాతగారి వీణ గురించి చెప్పారు. నేను ఊరుకోగలనా? “మా ఇంట్లో తాళపత్రాలు ఉండేవండీ” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ తిరగడంలో ఎంత సుఖం ఉందో! తర్వాతి విందులో మూడు కట్టలు పది కట్టలయ్యాయి. ఆ పై ఏడాదికి బీరువాడు. మా ముత్తాత కరణం కాస్తా కవి అయ్యాడు. అచ్చుకాని కావ్యం ఒకటి రాశాడని కూడా అన్నాను. ఏమయ్యాయని ఎవరైనా అడిగితే, “ఉప్పెనలో పోయాయండీ” అనేవాణ్ణి. 1977 నవంబరులో వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనపెట్టుకుంది. అంత పెద్ద దుఃఖాన్ని నా అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాను. మా ఊళ్లోకి ఆ ఉప్పెన నీరు చుక్క కూడా రాలేదు.

ఇంట్లో ఉన్నంతకాలం ఆ కట్టలు నాకు నామోషీ. పోయాక అవే నాకు హోదా. రెండుసార్లూ నేను వాటివైపు చూడలేదు, నన్ను చూసేవాళ్ల వైపే చూశాను. ఇది నాకు ఎవరూ చెప్పకుండా తెలిసిందనుకోకండి. గట్టిగా తగిలితేనే తెలిసింది.

ఒక సభలో నన్ను మాట్లాడమన్నారు. విషయం మన సాంస్కృతిక వారసత్వం, దాని ప్రాధాన్యం. ఉపన్యాసం దంచాను. జాతి మూలాలన్నాను, వేర్లు మరచిన చెట్టన్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను. చివర్లో గొంతు కాస్త గద్గదం చేసి మా ఇంటి తాళపత్రాల సంగతీ చెప్పాను. దిగగానే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. జీవితమంతా ఒక ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. కళ్లద్దాల వెనక ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి పొగుడుతారనుకున్నాను.

“బాబూ, మీ కట్టల్లో ఆకు తాటాకా, శ్రీతాళమా?” అన్నారు.

నాకు తెలియదు. “తాటాకేనండీ” అన్నాను.

“ఆకుకు రంధ్రం ఒకటా, రెండా?”

“రెండండీ” అన్నాను. పలకకు రంధ్రం చూసిన గుర్తుంది, అది ఒకటో రెండో గుర్తులేదు.

“చివరి ఆకు మీద రాసినాయన పేరూ సంవత్సరమూ ఉంటాయి కదా, ఏ సంవత్సరం వేశారు?” అని అడిగారు. నేను ఏదో నోటికొచ్చిన సంవత్సరం పేరు చెప్పాను, ఏ మాసమన్నారు, చెప్పాను, ఏ తిథి అన్నారు, అదీ చెప్పాను, ఏ ఊళ్లో రాసినట్టుంది అన్నారు, మా ఊరేనన్నాను, కావ్యం మొదటి పద్యం ఏ ఛందస్సు అన్నారు, ఉత్పలమాలన్నాను, గణాలు చూశారా అన్నారు, చూశానన్నాను, ఆ పద్యం ఒక్క పాదమైనా గుర్తుందా బాబూ అన్నారు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకమూ పెన్నూ తీశారు. రాసుకోవడానికి. నేను చెప్పే పాదాన్ని రాసుకోవడానికి, ఆ వయసులో, వణికే చేత్తో, నిలబడి.

అప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఆయన పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నారు. చుట్టూ నలుగురు చేరారు. అందరి ముందూ చెప్పేశాను. ఉప్పెన లేదు, కావ్యం లేదు, నేనే భోగి మంటలో వేశాను, ఒక్క ఆకు కూడా చదవలేదు అని.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. నన్ను పక్కకు తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో నేను నేర్చుకున్నది నా ఉపన్యాసాలన్నిటిలో చెప్పినదానికంటే ఎక్కువ.

పాతకాలం నాటి లేఖకులు పుస్తకం పూర్తిచేసి చివర ఒక విన్నపం రాసేవారట. నడుం విరిగి, మెడ వంగి, చూపు మందగించేలా కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అని ఒకటి. పుస్తకమే నోరు తెరిచి అడుగుతున్నట్టు ఇంకొకటి. నూనె తగలనివ్వొద్దని, నీళ్లు తగలనివ్వొద్దని, కట్టు వదులు కానివ్వొద్దని, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వొద్దని. ఆయన ఈ చివరి మాట మామూలుగానే చెప్పారు, నన్ను ఎత్తిపొడవడానికి కాదు. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. ఎవరో తెలియని ఆ లేఖకుడు వందల ఏళ్ల ముందే నేను పుడతానని తెలిసి నా గురించి హెచ్చరిక రాసి పెట్టాడు. ఆ హెచ్చరిక మా కట్టలోనూ ఉండి ఉండొచ్చు. చదివితే కదా తెలిసేది.

ఆకు తయారుచేయడమే పెద్ద పని. కోసిన ఆకును ఉడకబెట్టాలి, నీడన ఆరబెట్టాలి, నునుపు తేలేదాకా రుద్దాలి, ఒక్క కొలతకు కత్తిరించాలి. గంటంతో రాసేటప్పుడు చేయి గట్టిగా నొక్కితే ఆకు చీలుతుంది, నొక్కకపోతే గీత పడదు. రాసిన వెంటనే అక్షరం కనబడదు. మసి నూనెలో కలిపి పులిమి తుడిస్తే గీతల్లో నిలిచిన నలుపు అక్షరమై తేలుతుంది. అంటే రాసేవాడు తాను రాస్తున్నదాన్ని సరిగ్గా కనబడకుండానే రాస్తున్నాడు. ఆ పనిని దీపం వెలుతురులో చేసినవాళ్లు ఉన్నారు.

ఇంత చేసినా మన ఉక్కకూ వానకూ ఆకు కలకాలం నిలవదు. బాగా చూసుకుంటే రెండు మూడు వందల ఏళ్లు. నన్నయ మహాభారతం 11వ శతాబ్దంలో మొదలుపెట్టారు. ఆయన కాలపు ఆకు మన దగ్గర లేదు. మరి భారతం మన దగ్గర ఎలా ఉంది? ఆకు శిథిలమవుతోందని గ్రహించిన ప్రతి తరంలోనూ ఒకడు కూర్చుని మళ్లీ రాశాడు. వాడి తర్వాత ఇంకొకడు. ఒక్క తరం కూర్చోకపోతే అంతే సంగతులు. నేను వారసత్వమంటే తాతలు ఇచ్చి వెళ్లిన ఆస్తి అనుకున్నాను, మన పని అనుభవించడమే అనుకున్నాను. అది ప్రతి తరమూ మళ్లీ చేయాల్సిన చాకిరీ అని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మొదటిసారి అర్థమైంది. గుళ్లూ శిల్పాలూ కూడా ఇంతే. అమరావతి స్తూపం రాతి పలకలను సున్నం కోసం కాల్చినవాళ్లూ, ఇళ్లకు మెట్లుగా వేసుకున్నవాళ్లూ దుర్మార్గులు కాదు, నాలాంటివాళ్లు. ఆ క్షణానికి ఏదో అవసరం పడింది, పక్కన రాయి కనబడింది. మిగిలిన రాళ్లలో కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్లో ఉన్నాయి.

ఆ రాత్రి నుంచి పిచ్చిపట్టినట్టు చదివాను. కాలిన కట్టల్లో ఏముందో ఎలాగూ తెలియదు, కాలని కట్టలు ఎలా బతికాయో తెలుసుకుందామని. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసి రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. అంతకుముందే కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్లవెంట తిరిగారు. ఊరి చరిత్రలు, కైఫీయతులు సేకరించారు. ఆ వివరాలు చాలావరకు ఇచ్చింది ఎవరనుకున్నారు? కరణాలు. తమ ఊరి లెక్కల పుస్తకాలు, దండకవిలెలు, విప్పి చూపించిన కరణాలు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. పరాయివాడి కోసం విప్పి చూపించిన జాతి మాది. అదే జాతిలో పుట్టి నేను సొంతవాళ్ల ముందు గొప్ప కోసం కాల్చాను.

నన్నెచోడుడి కథ ఇంకా కలచివేసింది. అంత కవి, కుమారసంభవం రాసినవాడు, శతాబ్దాలపాటు తెలుగువాళ్లకు దాదాపు తెలియకుండా ఉండిపోయాడు. మానవల్లి రామకృష్ణకవి తంజావూరు సరస్వతీ మహలులో ప్రతి పట్టుకుని 1909లో అచ్చు వేయించాకే లోకానికి తెలిసింది. తంజావూరులో ఆ కట్ట పక్కన నాలాంటివాడు ఒక్కడు ఉంటే చాలు, మనకు నన్నెచోడుడు లేడు. లేడన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు. పోయినదాని పేరు తెలిస్తే ఏడవడానికైనా ఉంటుంది. అన్నమయ్య పాటల్ని కొడుకూ మనవళ్లూ రాగిరేకులకెక్కించి తిరుమల గుళ్లోనే ఒక అరలో దాచారు కాబట్టి ఆ అర తెరిచేదాకా అవి బతికాయి. ఆకు మీద మాత్రమే ఉన్న పాటలు ఎన్ని పోయాయో! మన ఇళ్లలో వంటింటి అటకల మీద ఎంతమంది పోయారో!

పోయినవాళ్లు కవులే కానక్కర్లేదు. ఈ ముక్క నాకు మా అత్తయ్య నేర్పింది. నాన్నగారి చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, తెనాలిలో ఉంటుంది. సభలో పరువు పోయాక ధైర్యం తెచ్చుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను.

“తెలుసులేరా. అమ్మ అప్పుడే చెప్పింది” అంది.

ఇన్నేళ్లూ తెలిసి ఒక్కరోజు నన్ను అడగలేదు. నేను వాళ్లింట్లో కూర్చుని కావ్యం కథలు చెబుతుంటే కాఫీ ఇచ్చి ఊరుకుంది. ఆ తలపుకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

“అందులో కావ్యాలేం లేవు. ఒకటి భూమి లెక్కలు. ఒకటి పశువుల వైద్యం. మా తాత చదివి చెప్పేవాడు. గాలికుంటొచ్చినా, జబ్బవాపొచ్చినా, గొంతువాపొచ్చినా పక్క ఊళ్లనుంచి బళ్లు కట్టుకొచ్చేవాళ్లు. మూడోదాంట్లో ఏముందో నాకూ తెలియదు. దాన్ని తాత ఎప్పుడూ పైకి చదవలేదు” అంది.

పశువుల వైద్యం! నేను కవిని చేసిన ముత్తాత నిజానికి ఎద్దులను బతికించాడు. మా ప్రాంతపు ఒంగోలు జాతి గిత్తలు సముద్రాలు దాటి బ్రెజిల్లో నెల్లూరి పేరుతో మందలు మందలుగా పెరిగాయని చిన్నప్పుడు గర్వంగా చదువుకున్నాను. ఆ గిత్తలకు రోగమొస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకం మా వంటింట్లోనే ఉండేది. కావ్యం కాదని తెలిసి ఒక్క క్షణం నిరాశపడ్డాను, మీ దగ్గర దాచను. అంత జరిగాక కూడా నా మనసు ఇంకా గొప్ప కోసమే దేవులాడుతోంది. తర్వాత నిదానంగా దుఃఖం వచ్చింది. కావ్యమైతే ఇంకో ఊళ్లో ఇంకో ప్రతి ఉండొచ్చు. మా ఊరి నేలలో దొరికే ఆకుతో, మా ఊరి ఎద్దుకు, మా తాతలు చేసి చూసి రాసుకున్న మందు ఇంకెక్కడుంటుంది?

మీ ఇంట్లో కట్ట ఉంటే దయచేసి ఒక పని చేయండి. చదవడం రాకపోయినా సిగ్గుపడకండి. చెన్నైలో 1869 నుంచి ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉంది, హైదరాబాదులో ఉంది, తిరుపతిలో ఉంది. చదివేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. తడిగుడ్డతో తుడవకండి. ఎండలో పెట్టకండి. గట్టిపడిన ఆకును వంచకండి, విరుగుతుంది. నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు మెత్తబడుతుంది, పురుగూ దూరమవుతుంది, కానీ అది తెలిసినవాళ్ల చేత చేయించండి. కట్ట లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమో చూడండి. వాళ్లూ విప్పాల్సిన కట్టలే.

నేను ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. సెలవు దొరికితే తెనాలి వెళ్తాను. అత్తయ్య చెబుతుంది, నేను ఫోన్లో రికార్డు చేసుకుని నోటు పుస్తకంలో రాస్తాను. తాత చదువుతుంటే చిన్నప్పుడు విన్న మందులు ఆవిడకు కొన్ని గుర్తున్నాయి. కొన్ని సగం సగం గుర్తున్నాయి. ఎద్దు కడుపు ఉబ్బితే వామూ ఇంగువా నూరి నువ్వుల నూనెలో కలిపి పట్టించాలట. ఎంత వాము? మొదట గిద్దెడంది. నేను రాసుకున్నాను. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది.

“ఒరేయ్, గిద్దెడు కాదురా. అరసోలెడు.”

“ఖాయమేనా అత్తయ్యా? రెట్టింపు తేడా కదా.”

“తాత అరసోలెడే అన్నట్టుంది. కాదు కాదు, గిద్దెడు దూడకి, అరసోలెడు ఎద్దుకి అన్నాడేమో. వేమవరం నుంచి ఒకాయన వచ్చి ఆ కట్ట మొత్తం కాగితాల మీద దించుకుని వెళ్లాడు చూడు, ఆ ఇంట్లో అడిగితే తెలుస్తుంది.”

“ఎవరత్తయ్యా ఆయన? ఎప్పటి మాట?”

“నాకు పెళ్లి కాకముందు. ఆయనుంటాడా ఏంటి, వాళ్ల మనవలుంటారు. వెళ్లి అడుగు.”

నోటు పుస్తకంలో రెండు కొలతలూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కింద వేమవరం అని రాసుకున్నాను. ఆదివారం వెళ్తున్నాను. ఆ ఇంటివాళ్లు అటక సర్దేసి ఉండకూడదని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.